జపాన్ వైజాగ్‌లో దిగి ఉంటే? హిట్లర్ గెలిచి ఉంటే? ‘అయ్యుంటే’ కథలు నిలుస్తాయో లేదో తేల్చుకోవడం ఎలా

అత్తకి మీసాలుంటే మామయ్యేది అని మనవాళ్లు ఈ వ్యవహారాన్నంతా ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. అయినా మనకి ఆ యావ పోదు. ‘హిట్లర్ గెలిచి ఉంటే?’ అని టీ కొట్టు దగ్గర ఎవరైనా అన్నారంటే ఇక రాత్రి పన్నెండు దాకా తెగదు. రెండో ప్రపంచ యుద్ధం మీద ఇలాంటి ఊహలు కొన్ని నిజంగా ఆలోచించదగ్గవి. చాలావరకు ఉత్త మీసాలే. ఏది ఏదో పట్టుకోవడం నాకు ఒక చిన్న అవమానం వల్ల అబ్బింది.

కొన్నేళ్ల కిందట ఒక కథ రాశాను. 1942 ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున జపాన్ సైనికులు వైజాగ్ బీచ్‌లో దిగుతారు. సాయంత్రానికి వాల్తేరు స్టేషన్ మీద ఎర్ర సూర్యుడి జెండా ఎగురుతుంది. చాలా మురిసిపోతూ మా బావకి చదివి వినిపించాను. ఆయనది గాజువాకలో లారీ ట్రాన్స్‌పోర్టు. అంతా విని, “బాగుందిరా. మరి వీళ్లకి బియ్యం ఎవరు తోలతారు? అక్కడి నుంచి రిటర్న్ లోడు ఏంటి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతకగా తయారైందే ఈ పద్ధతి. మీరు కథ రాస్తున్నా, ఎవరో చెప్పింది నమ్మాలో వద్దో తేల్చుకోవాలన్నా పనికొస్తుంది.

మొదటి అడుగు: ఒక్క వాక్యం, అందులో తేదీ

‘హిట్లర్ గెలిచి ఉంటే’ అన్నది ఫలితం. దాన్ని పరీక్షించలేం. ఏ రోజున, ఎక్కడ, ఎవరు చేసిన ఏ పని మారింది అన్నది రాయండి. ‘1940 మే 24న ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ ముందు జర్మన్ ట్యాంకులు ఆపమన్న ఆర్డర్ రాలేదు’ అన్నది పనికొచ్చే వాక్యం. ‘జర్మనీ ఇంకాస్త తెలివిగా యుద్ధం చేసింది’ అన్నది పనికిరాదు. మార్పు ఒక్కటే ఉండాలి. రెండోది అవసరమవుతోందంటే మొదటిదానికి బలం లేనట్టే.

రెండో అడుగు: మారింది అదృష్టమా, నిర్ణయమా, తాహతా?

మార్పులన్నీ ఒకే రకం కావు. అదృష్టం మారడం అన్నిటికంటే తేలిక. 1939 నవంబర్ 8న మ్యూనిక్‌లో ఒక బీర్ హాల్లో హిట్లర్ ఉపన్యాసం. గెయోర్గ్ ఎల్సర్ అనే వడ్రంగి ముప్పైకి పైగా రాత్రులు ఆ హాల్లోనే దాక్కుని, వేదిక వెనక స్తంభాన్ని తొలిచి టైంబాంబు పెట్టాడు. బాంబు పేలింది రాత్రి 9:20కి. హిట్లర్ 9:07కే వెళ్లిపోయాడు. పొగమంచు వల్ల విమానంలో వెళ్లే వీల్లేక, రైలు అందుకోవాలని ఉపన్యాసం తొందరగా ముగించాడు. ఎనిమిది మంది చనిపోయారు, అతను బతికాడు. పొగమంచు లేకపోతే అన్న మార్పుని ఎవరూ కాదనలేరు. కాకపోతే అదృష్టం మార్చడం ఎంత సులువో, తర్వాతి కథ నడపడం అంత కష్టం. హిట్లర్ పోతే వచ్చేది గోరింగ్. యుద్ధం మొదలైన రోజే అతన్ని వారసుడిగా ప్రకటించారు. ఆ చలికాలంలో ఫ్రాన్స్ మీదికి వెళ్లడం ఇష్టంలేని జర్మన్ జనరల్స్ చాలామందే ఉన్నారు. సంధి జరిగేదా, యుద్ధం ఇంకోలా సాగేదా? రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ‘హిట్లర్ పోయాడు, శాంతి వచ్చింది’ అని ఒకే దారిలో నడిచే కథని అనుమానించాలి.

నిర్ణయం మారడం మధ్యరకం. ఆ మనిషి స్వభావానికి, అతని ముందున్న కాగితాలకి ఆ రెండో నిర్ణయం నప్పుతుందా అని చూసుకోవాలి. డంకర్క్ ముందు ట్యాంకులు ఆపడం అలాంటిదే. జర్మన్ సైన్యంలోనే దాని మీద తగాదా ఉంది, కాబట్టి ఆ ఆర్డర్ రాకపోవడం ఊహకి అందేదే.

అసలు చిక్కు మూడోదానితో, అంటే తాహతు మార్చడంతో వస్తుంది. ‘1940లో జర్మనీ ఇంగ్లండులో దిగి ఉంటే’ అన్నది దీనికి మంచి ఉదాహరణ. హిట్లర్ జులై 16న ఆదేశం ఇచ్చాడు, సెప్టెంబర్ 17న నిరవధికంగా వాయిదా వేశాడు. ఆ మధ్యలో జర్మన్లు పోగేసినవి ఏమిటనుకున్నారు? రైన్ నదిలోనూ, కాలువల్లోనూ సరుకు మోసే పడవలు, సుమారు 2,400. వాటిలో చాలావాటికి ఇంజిన్ లేదు, వేరే పడవ లాక్కుపోవాలి. గోదావరిలో ఇసుక తోలే పడవలకి తాడు కట్టి, సైనికుల్ని ఎక్కించి, రాత్రిపూట సముద్రం దాటించడం ఊహించుకోండి. వాటికి కాపలాగా రావాల్సిన డిస్ట్రాయర్లలో సగం, పది నౌకలు, ఏప్రిల్‌లోనే నార్వేలోని నార్విక్ దగ్గర మునిగిపోయాయి. ఎదురుగా ఉన్నది అప్పటికి ప్రపంచంలోనే పెద్ద నౌకాదళాల్లో ఒకటి. 1974లో బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో రెండు దేశాల పాత అధికారులు కూర్చుని దీన్ని బల్ల మీద ఆడి చూశారు. మొదటి అల దిగింది, వెనక సరఫరా తెగింది, దిగినవాళ్లు చిక్కిపోయారు.

ఇక్కడ చాలామంది ‘బ్రిటిష్ విమానదళం ఓడిపోయి ఉంటే?’ అంటారు. ఓడిపోయినా పడవలు నదీ పడవలే. తాహతు మార్చాలంటే చీలికని, అంటే కథ మారిన రోజుని, చాలా వెనక్కి, 1936కో 1937కో తోయాలి. అప్పుడు జర్మనీ నౌకలు కడితే ట్యాంకులు తగ్గుతాయి. ట్యాంకులు తగ్గితే ఫ్రాన్స్ అంత తేలిగ్గా పడుతుందా? పడకపోతే ఇంగ్లండు ఎదురుగా నిలబడే ప్రశ్నే రాదు.

మూడో అడుగు: ఎక్కడి నుంచి తీస్తున్నారు?

నా వైజాగ్ కథని ఇక్కడే విప్పి చూపిస్తాను.

ముందు నాకు అనుకూలమైనవి. 1942 మార్చి 8న రంగూన్ పడింది. 23న జపాన్ అండమాన్లు తీసుకుంది. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి. ఈ మధ్యలో 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగాయి. బ్రిటిష్ తూర్పు నౌకాదళం చివరికి ఆఫ్రికా తీరానికి తప్పుకుంది. అంటే కొన్ని వారాలు మన సముద్రానికి కాపలా లేదన్నది నిజం. నా ఊహ గాల్లోంచి ఊడిపడలేదు.

ఇప్పుడు బావ అడిగిన బియ్యం. ఒక డివిజన్ అంటే సుమారు 20,000 మంది. మనిషికి రోజుకి కిలో తిండి వేసినా 20 టన్నులు. తూటాలు, పెట్రోలు, మందులు కలిపి దానికి ఐదింతలు అనుకున్నా రోజుకి 100 టన్నులు, నెలకి 3,000. ఇది ఒక్క మధ్యరకం ఓడ మోయగలదు! ఈ లెక్క వేసినప్పుడు నేను ఎగిరి గంతేశాను. బావకి ఫోన్ చేసి మరీ చెప్పాను. “సరే, మరి ఆ మనుషుల్ని ఏ లోడులోంచి దించి ఇక్కడ ఎక్కించావు?” అన్నాడు.

అదే అసలు దెబ్బ. ఆ వారం జపాన్ దగ్గర ఓడల మీద ఉన్న డివిజన్ 18వది. అది ఏప్రిల్ మొదట్లో రంగూన్‌లో దిగుతోంది, బర్మా పూర్తిగా ఆక్రమించడానికి. దాన్ని వైజాగ్‌కి మళ్లిస్తే బర్మా పని ఆగుతుంది. మిగతా సైన్యంలో ఎక్కువ భాగం చైనాలోనూ, మంచూరియాలోనూ ఉంది. అదీ తీయరు. ఇది నా ఊహ కాదు. ఆ ఏడాది మొదట్లో జపాన్ నౌకాదళమే సింహళం (ఇప్పటి శ్రీలంక) మీద దిగుదామని అడిగితే సైన్యం మనుషుల్ని ఇవ్వనంది. సింహళానికే ఇవ్వనివాళ్లు వైజాగ్‌కి ఇస్తారా?

ఓడల సంగతీ అంతే. తిండికి ఒక ఓడ చాలు, నిజమే. కానీ గుర్రాలు, ఫిరంగులతో సహా మొదటిసారి దించడానికి ఒకటి చాలదు. మలయాలో మొదటి దెబ్బకే ఇరవై దాకా రవాణా ఓడలు కావాల్సి వచ్చాయి. వైజాగ్‌కైతే అవి రంగూన్ నుంచి 1,300 కిలోమీటర్లకి పైగా సముద్రం దాటి రావాలి, వాటికి పైన విమానాల కాపలా ఉండాలి. కొలంబో మీదికి వచ్చిన ఐదు పెద్ద విమానవాహక నౌకలు ఏప్రిల్ మధ్యకల్లా వెనక్కి తిరిగాయి. వాటిలో రెండు మే నెలకి ఆస్ట్రేలియా దగ్గరి పగడపు సముద్రంలో ఉన్నాయి. మిగతా మూడూ జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర అమెరికన్ల చేతిలో మునిగాయి. దించినవాళ్లకి రెండో నెల బియ్యం ఓడ వచ్చేసరికి దాన్ని కాచేవాడు లేడు.

ఇక రిటర్న్ లోడు. జపాన్ ఈ యుద్ధంలోకి దిగిందే నూనె కోసం. 1941 ఆగస్టులో అమెరికా నూనె ఆపేశాక సుమత్రా బావుల మీద పడింది. సైన్యాన్ని దించిన ఓడలు తిరుగు ప్రయాణంలో ఇంటికి నూనె, రబ్బరు, తగరం, బాక్సైట్ మోయాలి. 1933లో తెరిచిన మన హార్బర్ నుంచి అప్పట్లో ముఖ్యంగా వెళ్లేది మాంగనీసు ఖనిజం. ట్యాంకర్ నింపుకుని పోయేది ఏమీ లేదు. దిగాక ఏం చేస్తారన్నది ఇంకో ప్రశ్న. మద్రాసు–కలకత్తా రైలుమార్గం తెంచుతారు, సరే. ఆ తర్వాత? వెనక కనుమలు, ముందు సముద్రం, రెండు నెలల్లో వానలు.

కాబట్టి ప్రతి మార్పు పక్కనా ‘ఎక్కడి నుంచి తీశాను, అక్కడ ఏం పాడైంది’ అని రాసుకోండి. రెండో గడి ఖాళీగా ఉంటే మీరు గాల్లోంచి సైన్యాన్ని పుట్టించినట్టు. నా కథలో పుట్టించింది అదే. 1944లో ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చిన సుమారు 85,000 మంది జపనీయులు మూడు వారాల తిండితో, పశువుల మందలని తోలుకుంటూ వచ్చారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని తూటా కంటే ఆకలీ, జబ్బులే చంపాయి. భూమ్మీద, పక్క దేశంలోంచి వస్తేనే అంత కటకట.

నాలుగో అడుగు: ఎదుటివాడికీ ఒక ఎత్తు ఇవ్వండి

చాలా కథల్లో రచయిత చదరంగం బల్లకి రెండు పక్కలా తనే కూర్చుంటాడు. ఒకవైపు తెలివిగా ఆడతాడు, రెండోవైపు నిజంగా జరిగినట్టే ఆడతాడు. మనం ఒక ఎత్తు మారిస్తే ఎదుటివాడూ మారుస్తాడు కదా!

మిడ్‌వే తీసుకోండి. 1942 జూన్ 4న జపాన్ నౌక టోనె నుంచి లేవాల్సిన నిఘా విమానం అరగంట ఆలస్యమైంది. అది టైముకి లేచి, అమెరికన్ నౌకలు ముందే కనపడి, అమెరికావే మూడు విమానవాహక నౌకలు మునిగాయి అనుకుందాం. అదృష్టం రకం మార్పు కాబట్టి ఒప్పుకోవచ్చు. ఇప్పుడు అమెరికా ఎత్తు చూడండి. 1942 డిసెంబర్ 31 నుంచి 1943 ఆఖరులోపు ఆ దేశం సేవలోకి తెచ్చిన కొత్త విమానవాహక నౌకలు ఎసెక్స్ తరహా పెద్దవి ఏడు, తేలికరకం తొమ్మిది. కొత్తగా కట్టిన పెద్ద నౌక అని జపాన్‌కి చెప్పుకోవడానికి ఉన్న తైహో 1944 మార్చికి గానీ రాలేదు. మిడ్‌వే మార్చితే యుద్ధం ఎక్కువ రోజులు నడిచేది. ఆస్ట్రేలియాకి చాలా టెన్షన్ అయ్యేది. గెలుపు మాత్రం ఓడల కార్ఖానాల్లోనే తేలిపోయింది.

‘1941లో మాస్కో పడి ఉంటే’ కథకీ ఇదే మందు. నెపోలియన్‌కి 1812లో మాస్కో దొరికింది, యుద్ధం దొరకలేదు. 1941 అక్టోబర్‌కే సోవియట్ ప్రభుత్వ శాఖలు తూర్పున ఉన్న కూయిబిషెవ్‌కి కదిలాయి. 1,500కి పైగా పెద్ద కార్ఖానాలు రైళ్లెక్కి తూర్పుకి పోయాయి. అయితే మాస్కో దేశంలోకెల్లా పెద్ద రైల్వే కూడలి, అది పోతే దెబ్బ పెద్దదే. అందుకే దీన్ని మీసాల జాబితాలో పడేయను. కానీ ‘పడింది, కాబట్టి అయిపోయింది’ అనడానికి వీల్లేదు.

ఐదో అడుగు: గోడకి క్యాలెండర్ తగిలించండి

ఇది చిన్న అడుగే. మీ కథలో జర్మనీ 1945 ఆగస్టు దాటి నిలబడుతోందా? అయితే అణుబాంబు లెక్కలోకి రావాలి. జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో పరీక్ష జరిగింది. ఆ పని మొదలుపెట్టిందే జర్మనీ ముందు తయారు చేస్తుందన్న భయంతో. ‘1947లో బెర్లిన్ వైభవం’ అని రాసేవాళ్లు ఆ రెండేళ్లు అమెరికా చేతులు కట్టుకుని ఎందుకు కూర్చుందో చెప్పాలి. ఎవరూ చెప్పరు.

ఆరో అడుగు: ఆ రోజుకి వాళ్లకేం తెలుసు?

ఇన్ని లెక్కలు వేశాక మీకు చిరాకు పుట్టొచ్చు. ‘అయితే ఏదీ మారేది కాదంటావా?’ అని. కాదు. యుద్ధం మారగలిగే చోటు నిజంగా ఒకటుంది. దానికి ఓడలు అక్కర్లేదు, నదీ పడవలూ అక్కర్లేదు. అది లండన్‌లో ఐదుగురు కూర్చున్న ఒక గది.

1940 మే 26 నుంచి 28 దాకా. చర్చిల్ ప్రధాని అయ్యి మూడు వారాలు కూడా కాలేదు. యుద్ధ మంత్రివర్గంలో చర్చిల్, చాంబర్లేన్, హాలిఫాక్స్, అట్లీ, గ్రీన్‌వుడ్. మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు కూర్చున్నారు. విదేశాంగ మంత్రి హాలిఫాక్స్ వాదన ఏమిటంటే, ఇటలీ పాలకుడు ముసోలినీ ద్వారా హిట్లర్ షరతులు ఏమిటో కనుక్కుందాం, స్వాతంత్ర్యానికి భంగం లేకపోతే ఆలోచిద్దాం అని. ఈ రోజున మనకి అది పిరికితనంగా కనిపిస్తుంది. మనకి తెలిసినవన్నీ పక్కనపెట్టి ఆ గదిలో కూర్చుని చూడండి. ఫ్రాన్స్ కూలుతోంది. డంకర్క్‌లో చిక్కుకున్న సైన్యం నుంచి మహా అయితే 45,000 మందిని తేగలమని అంచనా. 27 రాత్రికి వచ్చింది 8,000 లోపే. చివరికి 3,38,000 మంది వస్తారని ఆ గదిలో ఎవరికీ తెలియదు. రష్యా హిట్లర్‌తో ఒప్పందంలో ఉంది. అమెరికా యుద్ధంలో లేదు. మన ఇంట్లో ఎవరైనా ఆ పరిస్థితిలో ‘ఒకసారి మాట్లాడి చూద్దాం’ అంటే తిడతామా?

28 సాయంత్రం చర్చిల్ యుద్ధ మంత్రివర్గంలో లేని మంత్రులందరినీ పిలిచి మాట్లాడాడు. వాళ్లు గట్టిగా వెనక నిలబడ్డారు. దాంతో హాలిఫాక్స్ మాట వీగిపోయింది. ఆ మూడు రోజుల్లో ఏ ఒక్క ముడి ఊడినా కథ మారేది. ట్యాంకులు ఆపమన్న ఆర్డర్ రాకపోతే తీరంలో సైన్యమే ఉండేది కాదు. మే 9న ప్రధాని పదవి తనకొద్దని హాలిఫాక్స్ అనకపోతే ఆ కుర్చీలో అతనే ఉండేవాడు. ఇంకా వెనక్కి పోతే, 1931 డిసెంబర్ 13న న్యూయార్క్‌లో చర్చిల్ తన ఊరి అలవాటు చొప్పున తప్పు వైపు చూసి రోడ్డు దాటుతూ కారు కింద పడ్డాడు. బతకడం అదృష్టం. మన రోడ్ల అలవాటూ ఇంగ్లీషువాళ్లదే కాబట్టి అమెరికా వెళ్లిన మనవాళ్లకి ఆ పొరపాటు బాగానే అర్థమవుతుంది.

బ్రిటన్ సంధికి కూర్చుంటే మన సంగతి ఏంటన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. 1939 సెప్టెంబర్‌లో వైస్రాయ్ ఎవరినీ అడక్కుండా ఇండియాని యుద్ధంలోకి లాగాడు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. ఎనిమిది నెలలకే ఆ యుద్ధం సంధితో ముగిస్తే ఆ మంత్రులు తిరిగొచ్చేవారా, లేక ఓడిన సామ్రాజ్యం ఇంకా గట్టిగా పట్టుకునేదా? తెలుగులో ఈ కథ ఎవరైనా రాస్తే మొదట చదివేది నేనే. దీనికి ఒక్క ఓడనీ గాల్లోంచి పుట్టించక్కర్లేదు.

ఏడో అడుగు: గొలుసు ఎన్ని ముడులు?

మీ మార్పు నుంచి మీ ముగింపు దాకా ఎన్ని ‘అప్పుడు’లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కోదానికీ నూటికి 70 అవకాశం ఇచ్చినా, ఐదు ముడులకి మిగిలేది 17. ఆరుకి 12. అందుకే 1940లో మొదలై 1962లో ముగిసే కథని సరదాగా చదవండి, నమ్మకండి. చీలిక తర్వాత రెండేళ్లు దాటాక నా చెయ్యి వణుకుతుంది.

ఆయుధాల మోజు గురించి ఒక మాట. టైగర్ ట్యాంకో, జెట్ విమానమో ఇంకా ముందు వచ్చి ఉంటే అనేవాళ్లు ప్రతి చర్చలోనూ ఒకరుంటారు. టైగర్ మొదటి రకం మొత్తం 1,350 దాకా తయారయ్యాయి. రష్యన్ టీ-34లు యుద్ధకాలంలో 50,000 దాటాయి. జెట్‌కి పైలట్ కావాలి, పైలట్ తయారవ్వాలంటే గాల్లో గంటలు కావాలి, గంటలకి పెట్రోలు కావాలి. లేనిది అదే.

ఇంతకీ నా కథ ఏమైందంటే, తిరగరాశాను. ఇప్పుడు జపాన్‌వాళ్లు దిగరు. నిజంగా ఆ ఏప్రిల్‌లో వైజాగ్ జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకి పోయారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలే లోపలికి మారాయి. బాంబులు పడితే తప్పించుకుంటాయన్న భయంతో జూలో క్రూరమృగాల్ని కాల్చేశారు. మద్రాసులో అదంతా జపాన్ నౌకలు వస్తున్నాయన్న ఒక వార్త మీదే. నేను మార్చింది ఒక్కటే. జనం తిరిగొచ్చే వారంలో సముద్రం మీద ఇంకో విమానం కనపడిందన్న కబురు వస్తుంది, ఎవరిదో తెలియదు. చీలిక అదృష్టం రకం, ముడులు రెండు.

బావకి మళ్లీ వినిపించాను. ఈసారి హార్బర్‌లో బియ్యం ఓడ ఉంది. దించడానికి కళాసీలు లేరు. ఆయన కాసేపు ఊరుకుని, “ఓడ ఆగినందుకు డెమరేజీ ఎవరు కట్టార్రా?” అన్నాడు.